హిసాబ్ జౌ జౌ: నీళ్ళ మీటరు చెప్పిన లెక్క

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగం)



ఉపాధ్యాయుణ్ణి కనుక చదువు గురించే మాట్లాడతానని మీరంతా అనుకొని ఉంటారు. నేనూ అలాగే సిద్ధపడ్డాను. కాని కార్యదర్శి గారు "మాస్టారూ, చదువు గురించి ఏటా వింటూనే ఉన్నాం. ఈసారి ఇంటికి పనికొచ్చేది ఏదైనా చెప్పండి" అన్నారు. అందువల్ల నీళ్ళ మీటరు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకొనేవాణ్ణి, నా తెలుగులో తప్పులుంటే పెద్ద మనసుతో మన్నించండి.

మన మాటల్లో ఒక తమాషా ఉంది. ఎవరైనా దుబారా చేస్తే "డబ్బు నీళ్ళలా ఖర్చు పెడుతున్నాడు" అంటాం. ఉర్దూలోనూ ఇదే మాట, "పానీ కీ తరహ్ పైసా బహాయా" అంటారు. అంటే లెక్క లేకుండా పోసేసేది ఏదంటే మనకు ముందు గుర్తొచ్చేది నీళ్ళే. కృష్ణ ఒడ్డున పుట్టినవాళ్ళం, మనకు ఈ అలవాటు మరీ ఎక్కువ. బ్యారేజీ నిండుగా కనిపిస్తుంది, బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచే పారుతున్నాయి. ఇన్ని నీళ్ళుండగా బిందెలూ బకెట్లూ లెక్కపెట్టడం ఏమిటి అనుకుంటాం.

కాని అదే నదిని చూడండి. 1855లో ఇక్కడ ఆనకట్ట పూర్తయింది. 1952లో అది దెబ్బతిన్న తరువాత కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957 నుంచి పనిచేస్తోంది. బ్యారేజీ దగ్గర ఎన్ని క్యూసెక్కులు వచ్చాయి, ఏ కాలువకు ఎన్ని వదిలారు, సముద్రంలోకి ఎన్ని పోయాయి అన్న లెక్క రాసుకొంటారు. 2024 సెప్టెంబరు మొదట్లో పదకొండు లక్షల క్యూసెక్కులకు పైగా వరద వస్తున్నదని మనకు తెలిసిందంటే, ఎవరో కొలిచారు కనుకనే తెలిసింది. ఒక్క క్యూసెక్కు అంటే సెకనుకు సుమారు 28 లీటర్లు. అంత పెద్ద నదికి లెక్క ఉంది. మన ఇంట్లో అరంగుళం గొట్టానికి మాత్రం లెక్క లేదు.

ఆ రోజుల్లోనే ఇంకో సంగతి చూశాం. బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగాయి. మేడల మీద నిలబడ్డవాళ్ళకు చుట్టూ నీళ్ళే, తాగడానికి చుక్క లేదు. పడవల మీద మంచినీళ్ళ సీసాలు పట్టుకెళ్ళిన కుర్రాళ్ళు ఈ సభలోనూ ఉండవచ్చు. నీళ్ళు ఉండడం వేరు, మంచినీళ్ళు ఇంటికి చేరడం వేరు అని ఆ వారంలో మన ఊరు నేర్చుకుంది. నదిలోంచి తీసి, వడకట్టి, మందు కలిపి, కొండల మీది ట్యాంకులకు ఎక్కించి, గొట్టాల్లో మన గుమ్మం దాకా తెచ్చిన నీరు నది నీరు కాదు. అది తయారైన సరుకు.

మా ఇంట్లో జరిగినది

ఇప్పుడు మా ఇంటి సంగతి చెబుతాను. చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంది. అయినా నలుగురికీ పనికొస్తుందని చెబుతున్నాను.

మాది అబ్బా కట్టిన ఇల్లు. కింద మేము ఐదుగురం: నేను, మా ఇంటావిడ, ఇద్దరు పిల్లలు, అమ్మీ. పైన తమ్ముడూ, మరదలూ, వాళ్ళ ఇద్దరు పిల్లలూ. కుళాయి కనెక్షను ఒక్కటే, దానికి మీటరు ఉంది. నీళ్ళు ముందు నేలలో ఉన్న సంపులోకి వస్తాయి. అక్కణ్ణుంచి మోటారు పెట్టి పై ట్యాంకుకు ఎక్కిస్తాం. బిల్లు చెరి సగం. ఏళ్ళ తరబడి ఏ గొడవా లేదు.

తరువాత బిల్లు పెరగడం మొదలుపెట్టింది. నెలకు 46 కిలోలీటర్లు వాడినట్టు వచ్చింది. ఒక కిలోలీటరు అంటే వెయ్యి లీటర్లు. తొమ్మిది మంది ఉన్న ఇంట్లో 46 వేల లీటర్లు ఎవరు వాడారు? మా ఇంటావిడ పైకి చూసింది, వాళ్ళకు కొత్తగా బట్టలుతికే మెషిను వచ్చింది. మరదలు కిందికి చూసింది, మాకు పెరడు ఉంది, పూలకుండీలు ఉన్నాయి. మొదట్లో చూపులే. తరువాత మాటలు వచ్చాయి. ఒకనాడు తమ్ముడు "భాయీజాన్, మేం నలుగురం, మీరు ఐదుగురు. సగం సగం ఎలా న్యాయం?" అన్నాడు. నేను "ఇంటికి పెద్దవాణ్ణి, నన్నే లెక్క అడుగుతావా?" అన్నాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. పదిహేను రోజులు మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు. ఒకే గేటులోంచి వస్తూ పోతూ ముఖాలు తిప్పుకొన్నాం.

ఒక తెల్లవారుజామున లేచి చూస్తే, అమ్మీ పెరట్లో కూర్చొని అర చెంబు నీళ్ళతో వజూ చేసుకొంటోంది. అంత తక్కువతో ఎందుకని అడిగితే ఏమీ లేదంది. తెల్లవారాక చూస్తే ఆమె గులాబీ కుండీలు ఎండి ఉన్నాయి. మళ్ళీ అడిగాను. "నా మొక్కల వల్లే బిల్లు పెరుగుతోందేమో బేటా. నా మూలాన మీ అన్నదమ్ములు విడిపోకూడదు" అంది. డెబ్బై దాటిన మనిషి. ఎవరూ ఆమెను ఏమీ అనలేదు, గోడ అవతలినుంచి మా మాటలు విన్నది, అంతే.

ఆమె చిన్నప్పటినుంచి మాకు చెప్పిన సామెత ఒకటుంది: "హిసాబ్ జౌ జౌ, బఖ్షిష్ సౌ సౌ." లెక్క మాత్రం యవల గింజ దాకా చూసుకో, ఇవ్వడం మాత్రం వందల్లో ఇయ్యి అని అర్థం. మేము లెక్కా చూడలేదు, ఇవ్వడమూ చేయలేదు. అనుమానపడడం ఒక్కటే చేశాం.

ఆ రోజు సాయంత్రం నేనే మేడెక్కి తమ్ముణ్ణి పిలిచాను. పై ట్యాంకు నుంచి దిగే రెండు గొట్టాలకూ రెండు చిన్న మీటర్లు బజారులో కొని బిగించాం. నెల రోజులు ఇద్దరం కలిసి రీడింగు రాసుకొన్నాం. కింద 18 కిలోలీటర్లు, పైన 14. తలకు రోజుకు ఎంత అని లెక్క వేస్తే, మాకు 120 లీటర్లు, వాళ్ళకు 117. మూడు లీటర్ల తేడా! దీనికోసమా పదిహేను రోజులు సలాం మానుకొన్నాం?

అసలు సంగతి అది కాదు. 18, 14 కలిస్తే 32. బయటి మీటరు ఆ నెల కూడా 46 చూపింది. మిగిలిన 14 వేల లీటర్లు కిందా పోలేదు, పైనా పోలేదు. మరి ఎక్కడికి పోయాయి?

ఆ రాత్రి పది గంటలకు సంపులోకి వచ్చే వాల్వు కట్టేశాం. మోటారు ముట్టుకోవద్దని అందరికీ చెప్పి, సంపు లోపలి గోడ మీద నీటి మట్టం దగ్గర బొగ్గుతో గీత పెట్టాం. ఉదయం ఐదుకు చూస్తే నీరు రెండంగుళాల పైచిలుకు దిగిపోయింది. సంపు ఆరడుగులు, నాలుగడుగులు. లెక్క కడితే గంటకు సుమారు 19 లీటర్లు భూమిలోకి పోతున్నాయి. నీళ్ళు తోడించి చూస్తే అడుగు మూల చీలిక, అందులోంచి చెట్టు వేరు లోపలికి వచ్చింది. ఇంకో ప్రమాదం కూడా ఉంది. నీరు బయటికి పోయే సందులోంచే వానాకాలంలో మురుగు లోపలికి రాగలదు. పిల్లలకు వాంతులు, విరేచనాలు వచ్చేదాకా మనకు తెలియదు. వేరు కోయించి, సిమెంటు చేయించి, బ్లీచింగు వేసి కడిగించాం.

దొంగ పైనా లేడు, కిందా లేడు. నేలలో ఉన్నాడు. ఇద్దరు అన్నదమ్ములు ఒకరినొకరు అనుమానించుకొంటుంటే, నిజం చెప్పింది చేతిలో పట్టే ఒక ఇత్తడి డబ్బా.

మీటరును చదవడం

మన ఆడవాళ్ళు కరెంటు మీటరు తిరుగుడు చూసి ఫ్యాను కట్టేయగలరు. నీళ్ళ మీటరు దగ్గరికి మాత్రం ఎవరూ వెళ్ళరు. అందులో పెద్ద రహస్యం ఏమీ లేదు. లోపల చిన్న చక్రం ఉంటుంది. నీరు తోసినకొద్దీ అది తిరుగుతుంది, ఆ తిరుగుడును పళ్ళచక్రాలు అంకెలుగా మారుస్తాయి. సాధారణంగా నల్ల అంకెలు కిలోలీటర్లు, ఎర్రవి అందులో భాగాలు. చాలా మీటర్లలో అద్దం మధ్యన చిన్న ముక్కోణమో, నక్షత్రమో ఉంటుంది. ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి, సంపు వాల్వు కూడా మూసి చూడండి. గొట్టంలో నీటి వత్తిడి ఉన్న సమయంలో అది ఇంకా తిరుగుతుంటే, మీటరుకూ వాల్వుకూ మధ్య ఎక్కడో కారుతున్నదన్నమాట.

మీటరు మీదే అనుమానం ఉంటే దాన్నీ పరీక్షించవచ్చు. కొలత తెలిసిన 200 లీటర్ల డ్రమ్ము నింపండి. మీటరు 0.2 ముందుకు జరగాలి. బాగా తేడా ఉంటే రాసి, తేదీ వేసి, అర్జీ పెట్టండి. నోటి మాటకు విలువ లేదు, అంకెకు ఉంది.

మీటరుకూ లోపాలు ఉన్నాయి, దాచను. చుక్క చుక్కగా కారే నీరు చాలా మీటర్లలో చక్రాన్ని కదపలేదు, అది కంటితోనే పట్టుకోవాలి. నీళ్ళు వేళ ప్రకారం వదిలేచోట, ముందుగా గొట్టంలోని గాలి తోసుకొచ్చి చక్రాన్ని తిప్పవచ్చు. ఇటువంటివి తెలిసి ఉంటేనే బిల్లు మీద సరైన ప్రశ్న వేయగలం.

ఎక్కడ తగ్గించాం

సంపు బాగుచేశాక 46 కాస్తా 32 అయింది. ప్రతి శుక్రవారం ఉదయం మా అబ్బాయీ తమ్ముడి కూతురూ రీడింగు రాసే పని పెట్టుకొన్నారు. తేదీ, అంకె, వారం తేడా, ఇంట్లో ఎంతమంది, ఇంతే. మెహమాన్లు వస్తే వాళ్ళనూ రాయాలి, లేకపోతే లెక్క తప్పుతుంది.

మొదట వజూ. కుళాయి తిప్పి వదిలేసి వజూ చేసుకొంటే ఎన్ని నీళ్ళు అని కింద గిన్నె పెట్టి కొలిచాం: 9 లీటర్లు. చెంబుతో అయితే లీటరున్నర. మనిషికి ఏడున్నర లీటర్ల తేడా. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో వజూ చేసేవారని హదీసు గ్రంథాల్లో ఉంది. ముద్ కొలతలో పండితుల మధ్య కొంత తేడా ఉన్నా, ముప్పావు లీటరుకూ లీటరుకూ అటూ ఇటూ. పారే నది ఒడ్డున కూర్చున్నా వజూలో దుబారా కూడదని పెద్దలు చెప్పగా విన్నాం. మనం నిజంగానే నది ఒడ్డున ఉన్నాం. మసీదులో ఒక పూటకు వందమంది వజూ చేస్తే, మా కొలత ప్రకారం 750 లీటర్లు ఊరికే పోతున్నాయి. మసీదు కమిటీ పెద్దలు ఒక్కసారి ఆలోచించాలి. సన్నధార కుళాయిలు పెట్టినా చాలు, నమాజీలకు చెప్పే పని కూడా ఉండదు.

రెండవది పాయిఖానా. పాత ఫ్లష్ ట్యాంకు ఒక్కసారికి పది లీటర్లు, ఇంకా పైనే, వదులుతుంది. లీటరు సీసాలో ఇసుక నింపి మూత బిగించి ట్యాంకులో పెడితే ప్రతిసారీ లీటరు మిగులుతుంది. చేతనైనవారు రెండు బొత్తాముల ట్యాంకు పెట్టించుకోవచ్చు, చిన్నదానికి మూడు, పెద్దదానికి ఆరు లీటర్లు. ట్యాంకులో కాస్త పసుపు కలిపి అరగంట ఆగండి. కింద పసుపు రంగు కనిపిస్తే లోపలి వాషరు పోయినట్టే.

మూడవది కారే కుళాయి. మా బడిలో తొమ్మిదవ తరగతి పిల్లలతో మైదానంలోని కుళాయి కింద లీటరు చెంబు పెట్టించాను. ఇరవై నిమిషాలకు నిండింది. రోజుకు 72 లీటర్లు, నెలకు రెండు వేల పైన. వాషరు మార్చడానికి పది నిమిషాలు పట్టింది. ఆ రోజు చెప్పిన గుణకారం వాళ్ళు జన్మలో మరచిపోరు.

నాలుగవది వంటిల్లు. పండుగనాడు బిర్యానీ డేగిసాలు కుళాయి కింద పెట్టి తోముతాం. ముందు కాసిని నీళ్ళు పోసి నాననిచ్చి, తొట్టిలో కడిగితే సగం నీళ్ళతో అయిపోతుంది. నీళ్ళు శుద్ధి చేసే మెషిను ఉన్నవారు, అది వదిలేసే నీటిని బకెట్లో పట్టండి. తాగేదానికంటే పారేసేదే ఎక్కువ. గచ్చు తుడవడానికి బాగా పనికొస్తుంది.

నాలుగు నెలల్లో మా వాడకం 26 కిలోలీటర్లకు దిగింది. తలకు 96 లీటర్లు. పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రభుత్వ ప్రమాణం. మేము ఎవరి దాహమూ ఆపలేదు, ఎవరి స్నానమూ మాన్పించలేదు. అమ్మీ మొక్కలకు రోజూ రెండు చెంబులు రాసి పెట్టాం, అది తగ్గించడానికి వీల్లేదని నోటుపుస్తకం మొదటి పేజీలోనే ఉంది. రూపాయల లెక్క చెప్పను, రేట్లు ఊరికొకటి, ఏటికొకటి. మీటరు లేని కనెక్షనుకు నీటి బిల్లు తగ్గకపోవచ్చు. అయినా మోటారు తిరిగే సమయం తగ్గుతుంది, ఎండాకాలం ట్యాంకరు కొనే పని తగ్గుతుంది.

పేదవాడి ప్రశ్న

మీటరు అనగానే పేదవాడి మీద భారం అనే మాట మన నగరంలో ఎన్నోసార్లు వినిపించింది. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. ఒకే కనెక్షను మీద మూడు కాపురాలు ఉన్న ఇళ్ళు మన పేటల్లో ఎన్నో. వాడకం పెరిగినకొద్దీ రేటు పెరిగే పద్ధతి ఉంటే, ముగ్గురు పేదలు కలిసి ఒక ధనవంతుడి రేటు కట్టవలసి వస్తుంది. అటువంటివారు వేరువేరు కనెక్షన్లు అడగాలి. అర్జీలు రాయడంలో మన సంఘం వారికి సాయపడాలి.

హైదరాబాదు చూడండి. అక్కడ 2021 జనవరిలో ఇళ్ళకు నెలకు 20 కిలోలీటర్ల దాకా ఉచితం అనే పథకం మొదలు పెట్టారు. బస్తీలకు మినహాయింపు ఇచ్చి, మిగతా ఇళ్ళకు మాత్రం పనిచేసే మీటరు ఉండాలన్నారు. ఉచితంగా ఇవ్వడానికి కూడా కొలత కావలసి వచ్చింది! మీటరు త్రాసు వంటిది. ధర నిర్ణయించేది త్రాసు కాదు, మనిషి. ధర అన్యాయమైతే ధర మీద పోట్లాడాలి. త్రాసు విరగ్గొడితే మన చేతిలో సాక్ష్యం కూడా ఉండదు.

డెల్టాలో చివరి భూముల సంగతి మీకు తెలుసు. మా అత్తవారిది కృత్తివెన్ను వైపు. అక్కడ నేలలో తోడితే ఉప్పు నీరు. కాలువ కట్టకముందే చెరువు నింపుకోవాలి, వేసవి అంతా ఆ చెరువే. పైనున్న రైతు షట్టరు ఎక్కువసేపు ఎత్తితే కిందివాడి చేను ఎండుతుంది. ఊళ్ళోనూ అంతే. కింద రోడ్డు పక్కన మన సంపులు పొంగి కాలువలో కలుస్తుంటే, కొండ మీద ఆఖరి మెట్టున ఉన్న ఇంట్లో కుళాయి గాలి ఊదుతుంది. ఆ ఇంటి తల్లి బిందె చంకన పెట్టుకొని మెట్లు దిగుతుంది. మా సంపులోంచి నెలకు పోయిన 14 వేల లీటర్లు, అలాంటి ఐదుగురున్న కాపురానికి, తలకు 90 లీటర్ల చొప్పున, నెల రోజులు సరిపోయేవి. బిల్లు కట్టాను గనుక అవి నావే అని ఇన్నాళ్ళూ అనుకొన్నాను.

చివరగా మూడు విన్నపాలు

ఒకటి, ఈ రాత్రే మీ మీటరు చూడండి. ఉదయం మళ్ళీ చూడండి. మీటరు లేనివారు సంపు గోడ మీద గీత పెట్టండి. రెండు, మన సంఘం రెండు మూడు చిన్న మీటర్లు కొని ఉంచితే, ఉమ్మడి ఇళ్ళవారు నెల రోజులు తీసుకెళ్ళి పెట్టుకోవచ్చు. ప్లంబరు పని తెలిసిన మన కుర్రాళ్ళకు నాలుగు రాళ్ళు వస్తాయి. ఎన్ని అన్నదమ్ముల తగాదాలు తప్పుతాయో ఖుదాకే తెలుసు. మూడు, బిల్లులో మిగిలిన దానిలో కొంత తీసి ఎండాకాలం సబీల్ పెడదాం. మే నెలలో విజయవాడ ఎండ ఎలాంటిదో చెప్పనక్కరలేదు. దారిన పోయేవాడికి, వాడు ఎవరైనా సరే, చల్లని గ్లాసు అందుతుంది. అక్కడ మాత్రం మీటరు వద్దు.

లెక్క గింజ దాకా, ఇవ్వడం వందల్లో. పోయిన వేసవిలో మా గేటు ముందు రెండు కొత్త కుండలు పెట్టాం. ఉదయం తమ్ముడు నింపుతాడు, మధ్యాహ్నం నేను. పక్కనే అమ్మీ గులాబీ కుండీ ఉంది. మళ్ళీ పూస్తోంది.